పది దాకా అంకెలున్నా మూడు దాటని నాబ్: ట్యూబ్ ఆంప్‌కీ మోతకీ ఉన్న లంకె ఏమిటి?

మా ఇంట్లో ఉన్న గిటారు ఆంప్ వాల్యూమ్ నాబ్ చుట్టూ 1 నుంచి 10 దాకా అంకెలు వేసి ఉంటాయి. కొని ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ నాబ్ 3 దాటింది రెండే రెండుసార్లు. 2 దగ్గర అమ్మ టీవీ సౌండ్ పెంచుతుంది. 3 దగ్గర ఐదో తీగను వదిలి మీటితే వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా జుమ్మంటాయి. ఆరో తీగ ఇంకా లావు, దానికి మాత్రం ఉలకవు, పలకవు. వాటికి నచ్చిన స్వరం అదొక్కటే.

తెలిసినవాళ్లేమో "దీని అసలు రుచి 6 దగ్గర మొదలవుతుంది" అంటారు. కొత్తగా గిటారు పట్టిన కుర్రాళ్లు అడిగేదీ ఇదే: "అన్నా, రాక్ వాయించాలంటే 100 వాట్ల ట్యూబ్ ఆంప్ ఉండాల్సిందేనా? అపార్ట్‌మెంట్‌లో ఎలా మరి?" ఒకరు ట్యూబ్ లేకపోతే రాక్ లేదంటారు. ఇంకొకరు ఆ రోజులు పోయాయి, అరచేతిలో పట్టే డిజిటల్ పెట్టె చాలంటారు. ఇద్దరూ కొంత నిజమే చెబుతున్నారు. చిక్కేమిటంటే మోత, ట్యూబ్, రాక్ సౌండ్ అనే మూడు వేరువేరు సంగతుల్ని ఒకే మాటలో కలిపేయడం. అవి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూద్దాం.

తూము తిప్పితే కాలువ కదులుతుంది: ట్యూబ్ చేసే పని

గిటారు తీగ కింద ఉండి దాని కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ నుంచి వచ్చే విద్యుత్తు చాలా చిన్నది, ఒక వోల్టులో పదో వంతో, అంతకంటే కాస్త ఎక్కువో. స్పీకరు కాగితాన్ని ముందుకూ వెనక్కూ తొయ్యడానికి అది ఏ మూలకూ చాలదు. ఆ చిన్న కదలికనే పెద్దదిగా చేసేది ఆంప్లిఫయర్, పొట్టిగా ఆంప్.

ట్యూబ్‌ను బ్రిటన్‌లో వాల్వ్ అంటారు, మన ఇళ్లలోనూ ఆ మాటే వాడుకలో ఉండేది. వాల్వు రేడియో గుర్తున్నవాళ్లకు ఇది కొత్త వస్తువు కాదు. స్విచ్ వేశాక వార్తలు వినపడటానికి అర నిమిషం పట్టేదే, ఆ అర నిమిషం ఆ గాజు బుడ్లు వేడెక్కడానికే. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక లోహపు గొట్టం వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. చుట్టూ ఉండే పలక మీద 300, 400, ఒక్కోసారి 500 వోల్టుల దాకా పెడతారు కాబట్టి ఎలక్ట్రాన్లు అటు పరిగెడతాయి. రెండింటి మధ్య సన్నటి తీగల జల్లెడ ఒకటుంటుంది, దాని పేరు గ్రిడ్. గిటారు నుంచి వచ్చే బుల్లి వోల్టేజీని ఆ జల్లెడకు ఇస్తే ఎలక్ట్రాన్ల ప్రవాహం దానికి తగ్గట్టు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కాలువ తూము దగ్గర చక్రాన్ని చేత్తో కాస్త తిప్పితే అవతల వేల ఎకరాలకు పారే నీరు మారినట్టే. నీటిని తోసేది చెయ్యి కాదు, చెయ్యి మార్చేది తలుపు ఎత్తునే. అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ ఈ మూడో ముక్కను, అంటే గ్రిడ్‌ను, చేర్చింది 1906 ప్రాంతంలో.

గిటారు ఆంప్‌లో ఈ బుడ్లు రెండు రకాలు. ముందు వరసలో చిన్నవి, ఎక్కువగా 12ఎఎక్స్7 అనే రకం. బ్రిటన్‌లో దీన్నే ఈసీసీ83 అంటారు. ఇవి సిగ్నల్ వోల్టేజీని పెంచుతాయి. వెనక వరసలో పెద్దవి: ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84 లాంటివి. స్పీకరును నిజంగా కదిలించే బలం వీటిది. వీటికీ స్పీకరుకూ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అనే బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది. ఆంప్ ఎత్తేటప్పుడు నడుం పట్టేసేది దీని వల్లా, దీని పక్కనుండే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వల్లా.

నా ఆంప్ వెనక ఇనుప జాలీ ఉంటుంది. మెయిన్ స్విచ్ వేశాక అందులోంచి చూస్తే గాజు అడుగున నారింజ రంగు చుక్కలు మెల్లగా వెలుగుతాయి. వారం పాటు వాడకపోతే దుమ్ము కాలిన వాసన కూడా వస్తుంది. నిమిషం ఆగి స్టాండ్‌బై స్విచ్ వేస్తే స్పీకరులోంచి 'హుమ్' అని సన్నటి ఊపిరి. అప్పుడు తీగ మీటాలి.

తప్పే రుచిగా మారిన కథ

ఇంజినీర్ల లెక్కలో మంచి ఆంప్ అంటే, లోపలికి వెళ్లిన తరంగం ఆకారం చెడకుండా పెద్దదై బయటికి రావాలి. వాల్యూమ్ పెంచుతూ పోతే ఒక దశలో ట్యూబ్ ఇక ఇవ్వలేనంటుంది. తరంగం శిఖరం పైకి వెళ్లాల్సిన చోట ఆగిపోయి చదునవుతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు, దాని వల్ల వచ్చే గరగరే డిస్టార్షన్. రేడియోలో ఇది వస్తే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. గిటారు వాళ్లు మాత్రం దానికోసమే డబ్బు పెడతారు.

శిఖరం తెగే తీరులో తేడా ఉంది. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ తన హద్దు దాకా శుభ్రంగా వెళ్లి, అక్కడ కత్తితో కోసినట్టు కోస్తుంది. ట్యూబ్ ఆంప్ హద్దుకు చాలా ముందు నుంచే అణగడం మొదలుపెడుతుంది, పిండి ముద్దను అరచేత్తో అదిమినట్టు. అందుకే తీగను మెల్లగా మీటితే శుభ్రంగానూ, గట్టిగా మీటితే గరుగ్గానూ పలుకుతుంది. మధ్యలో ఉండే ఆ మెట్టులేని జారుడే వాయించేవాళ్లకు ఇష్టం. వాళ్లు 'టచ్' అనే మాట వాడేది దీని గురించే.

తరంగం ఆకారం మారితే అసలు స్వరం పైన కొత్త స్వరాలు పుడతాయి, వాటినే హార్మోనిక్స్ అంటారు. అసలు స్వరం సా అనుకుంటే రెండో హార్మోనిక్ పై సా, మూడోది దాని పైన పా. "ట్యూబ్ సరిసంఖ్య హార్మోనిక్స్ ఇస్తుంది, ట్రాన్సిస్టర్ బేసివి ఇస్తుంది, అందుకే ట్యూబ్ తియ్యగా ఉంటుంది" అని తరచూ వింటాం. ఇది సగమే నిజం. ముందు వరస చిన్న ట్యూబ్‌కు ఈ మాట బాగానే వర్తిస్తుంది. పెద్ద ఆంప్‌ల వెనక వరసలో మాత్రం ట్యూబ్‌లు జంటగా, ఒకటి తోస్తే ఒకటి లాగే పద్ధతిలో పనిచేస్తాయి. అక్కడ సరిసంఖ్య హార్మోనిక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేవి ఎక్కువగా బేసివే.

రాక్‌లో పవర్ కార్డ్ (ఒక స్వరాన్నీ దాని పంచమాన్నీ మాత్రమే కలిపి మోగించడం) ఎందుకంత వాడతారో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒకేసారి రెండు స్వరాలు క్లిప్ అయితే వాటి తేడా కూడా ఒక స్వరమై వినిపిస్తుంది. ఆరో తీగ మీద ఇ స్వరం 82.4 హెర్ట్జ్, దానికి పంచమం బి 123.5. తేడా 41.1, అంటే సరిగ్గా ఒక స్థాయి కింది ఇ. వాయించని కింది షడ్జమాన్ని ఆంపే కలిపేస్తుందన్నమాట, తంబూరా సా-పా మీద నిలబడ్డట్టు ఉంటుంది. అదే ఇ పక్కన గాంధారం జి షార్ప్ పెడితే 103.8 లోంచి 82.4 తీసేయగా 21.4. ఇది పాటలో ఉన్న ఏ స్వరానికీ సరిపడదు, వినీ వినపడని గుడగుడ. శుభ్రమైన సౌండ్‌లో అందంగా ఉండే మేజర్ కార్డ్ గట్టి డిస్టార్షన్‌లో బురదగా వినిపించేది ఇందుకే.

లండన్ డ్రమ్ముల కొట్టులో పుట్టిన 100 వాట్లు

అంత మోత ఎవరికి కావాల్సొచ్చింది? 1960లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మరు పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ముల కొట్టు పెట్టాడు. డ్రమ్మర్లతో పాటు వచ్చే గిటారు కుర్రాళ్లు అమెరికా ఆంప్‌లు దొరకడం లేదని, దొరికినా కొనలేమని గోలపెట్టేవారు. కొట్టులో రిపేర్లు చేసే కెన్ బ్రాన్, కుర్ర ఇంజినీరు డడ్లీ క్రేవెన్ కలిసి ఫెండర్ కంపెనీ బాస్‌మన్ ఆంప్‌ను ముందు పెట్టుకుని, బ్రిటన్‌లో దొరికే భాగాలతో 1962లో ఒకటి తయారుచేశారు. అదే జేటీఎం45. బాస్‌మన్ పేరుకు తగ్గట్టు బాస్ గిటారు కోసం చేసిన ఆంప్. రాక్ గిటారు సౌండ్‌కు మూలపురుషుడు బాస్ ఆంప్ కావడం నాకెప్పుడూ తమాషాగానే అనిపిస్తుంది.

అప్పటి వేదికల మీద గిటారు ఆంప్ ముందు మైక్ పెట్టే అలవాటు లేదు. సౌండ్ సిస్టమ్ ఉంటే గాయకుడి గొంతుకే, అదీ అంతంత మాత్రం. హాలు చివర కూర్చున్నవాడికి గిటారు వినపడాలంటే ఆ ఆంపే అరవాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు 55 వేలకు పైగా జనం. వాళ్ల కోసం వాక్స్ కంపెనీ 100 వాట్ల ఆంప్‌లు చేసిచ్చింది. అయినా అభిమానుల కేకల్లో బ్యాండ్ వాయించేది బ్యాండ్‌కే సరిగా వినపడలేదు.

అదే ఏడాది ది హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్షెండ్, బాసిస్టు జాన్ ఎంట్విసిల్ ఇంకా గట్టిది కావాలంటే మార్షల్ 100 వాట్ల హెడ్ (స్పీకర్లు లేని ఆంప్ పెట్టె) చేశాడు. దాని కింద ఎనిమిది 12 అంగుళాల స్పీకర్లున్న ఒకే పెట్టె అడిగాడు టౌన్షెండ్. ఆ పెట్టె మొయ్యలేక సామాను మోసేవాళ్లు మొరపెట్టుకుంటే, నాలుగేసి స్పీకర్ల పెట్టెలు రెండు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. పోస్టర్ల మీద కనిపించే ఆ 'స్టాక్' ఆకారం వెనక ఉన్నది కూలీల నడుం నొప్పి! ఆ తర్వాత దాన్ని ప్రపంచానికి చూపించిన గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పూర్తిపేరు జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్ కావడం కాకతాళీయమే.

అంటే 100 వాట్లు రుచి కోసం పుట్టలేదు, దూరం కోసం పుట్టాయి. హాలు నింపడానికి నాబ్ చివరిదాకా తిప్పితే దానితో పాటు ఆ రుచీ వచ్చింది. ఈ రెండూ కలిసి పుట్టాయి కాబట్టి రికార్డుల్లో కలిసే వినిపించాయి, వినేవాళ్లు కలిపే గుర్తుపెట్టుకున్నారు.

వాట్లు పది రెట్లయితే మోత రెండు రెట్లే

ఎక్కువమంది తడబడేది ఈ లెక్కలోనే. 100 వాట్ల ఆంప్ 50 వాట్ల దానికి రెట్టింపు గట్టిగా ఉంటుందనుకుంటారు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ గుణకారాల కొలత. పవర్ రెండు రెట్లయితే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, పది రెట్లయితే 10. మన చెవికి 'రెట్టింపు మోత' అనిపించడానికి దాదాపు 10 డెసిబెల్స్ కావాలి. కాబట్టి 100 వాట్లకు సగం మోత కావాలంటే తీసుకోవాల్సింది 50 కాదు, 10 వాట్లు.

స్పీకరు సంగతీ చూడాలి. గిటారు స్పీకర్లు ఇంటి హైఫై స్పీకర్లలా కాదు, చాలా చురుకైనవి. బాగా వాడుకలో ఉన్న సెలెస్టియన్ వింటేజ్ 30 రకానికి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుంది. ఇప్పుడు కాగితం మీద కిందికి దిగుతూ పోదాం. 100 వాట్లకు 120 డెసిబెల్స్. 10 వాట్లకు 110. 1 వాటుకు 100. పదో వంతు వాటుకు 90. వందో వంతుకు 80. వాటులో వెయ్యో వంతుకు 70.

ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60. ఇంట్లో ఎవరూ విసుక్కోకుండా గిటారు వాయించుకునే మోత 70 నుంచి 80 మధ్య. అంటే ఆంప్ ఇంట్లో నిజంగా వాడేది వాటులో వెయ్యో వంతు నుంచి వందో వంతు. 100 వాట్ల ఆంప్ కొంటే దాని శక్తిలో మహా అయితే పదివేలో వంతు వాడుతున్నాం. ఐదు వాట్ల 'ఇంటి ఆంప్' కొంటే? దాన్ని పూర్తిగా తిప్పితే 107 డెసిబెల్స్. గేటు ముందు నిలబడి డీజే బండి మోగించినట్టే. "చిన్న ఆంప్ తీసుకో, ఇంట్లో ఫుల్‌గా పెట్టుకోవచ్చు" అని చెప్పే పెద్దమనుషులు ఈ లెక్క వేసి ఉండరు.

గరగర పుట్టే చోట్లు ఒకటి కాదు, నాలుగు

ముందు వరస చిన్న ట్యూబ్‌లలో డిస్టార్షన్ పుట్టొచ్చు. దీనికి స్పీకరు మోగనక్కర్లేదు. వెనక వరస పెద్ద ట్యూబ్‌లలో, ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టొచ్చు. దీనికి ఆంప్ పూర్తి బలంతో పనిచేయాలి. స్పీకరు కాగితమే అలసిపోయి అణగొచ్చు, దీనికీ మోత తప్పదు. నాలుగోది గాలి: స్పీకరు నుంచి వచ్చే మోత తిరిగి గిటారు తీగను కదిలిస్తే, తీగ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. రాక్‌లో కావాలని తెప్పించే ఫీడ్‌బ్యాక్ ఇదే.

కాబట్టి "ట్యూబ్ ఆంప్‌ను ఫుల్‌గా పెట్టాల్సిందేనా?" అన్న ప్రశ్నకు జవాబు ఆ ఆంప్ డిజైన్‌ను బట్టి ఉంటుంది. 1960ల నాటి మార్షల్, వాక్స్ ఏసీ30 లాంటివి ఎక్కువగా వెనక వరస మీద ఆధారపడతాయి. వాటిని 2 దగ్గర పెడితే శుభ్రంగా, కాస్త చప్పగా ఉంటాయి. 1975లో మార్షల్ 2203 మోడల్‌తో మాస్టర్ వాల్యూమ్ తెచ్చింది. ఒక నాబ్‌తో ముందు వరసను గట్టిగా తోసి, రెండో నాబ్‌తో వెనకకు వెళ్లేదాన్ని తగ్గించొచ్చు. 1980ల తర్వాతి హెవీ మెటల్ సౌండ్ చాలామటుకు ఈ ముందు వరసదే. మెటల్ వాయించే కుర్రాడికి మాస్టర్ వాల్యూమ్ ఉన్న ఆంప్ ఇంట్లో చాలావరకు పనికొస్తుంది. పాత బ్లూస్ రాక్ సౌండ్ కావాలనేవాడికి అదే ఆంప్ అసంతృప్తిగా ఉంటుంది. ఇద్దరూ వాదించుకుంటే ఎవరూ గెలవరు, ఎందుకంటే మాట్లాడేది రెండు వేరే యంత్రాల గురించి.

ఇంకో దారి అటెన్యుయేటర్. ఆంప్‌కూ స్పీకరుకూ మధ్య పెట్టే ఈ పెట్టె ఎక్కువ పవర్‌ను వేడిగా మార్చేసి, మిగిలిన కాస్తనే స్పీకరుకు పంపుతుంది. బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు, ఎంఐటీలో చదివిన ఇంజినీరు టామ్ షోల్జ్ 1980 ప్రాంతంలో పవర్ సోక్ పేరుతో తెచ్చింది ఇలాంటిదే. 100 వాట్ల ఆంప్‌కు 30 డెసిబెల్స్ తగ్గిస్తే స్పీకరుకు వెళ్లేది పదో వంతు వాటు, మోత 90. ట్యూబ్‌లు మాత్రం ఫుల్ బలంతోనే పనిచేస్తుంటాయి కాబట్టి తొందరగా అరుగుతాయి. పై నాలుగింట్లో చివరి రెండు, అంటే స్పీకరు అలసట, గాలి, ఎలాగూ రావు.

ఒక్క జాగ్రత్త ఇక్కడే చెప్పుకోవాలి. స్పీకరు గానీ, దాని స్థానంలో తగిన లోడ్ గానీ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను మోగిస్తే, పవర్ పోయే దారి లేక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి అది కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌లకు సాధారణంగా ఈ బెడద ఉండదు.

మోత తగ్గితే సగం పోయేది చెవిలోనే

1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెవి గురించి కొలిచి చూపిన సంగతొకటుంది. మోత తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి మంద్ర స్వరాలు సరిగా వినపడవు, బాగా హెచ్చువీ కొంత తగ్గుతాయి. మోత పెరిగేకొద్దీ కింద, మధ్య, పైన అన్నీ సమానమవుతూ వస్తాయి. అంటే ఆంప్‌లో ఏ మార్పూ లేకపోయినా, ఒకే రికార్డింగును 100 డెసిబెల్స్‌లో వింటే నిండుగా, 70లో వింటే పల్చగా ఉంటుంది.

"నాబ్ తగ్గించగానే ప్రాణం పోయింది" అనే ఫిర్యాదులో ఎంత ట్యూబ్‌ది, ఎంత చెవిది అని విడదీయడం అందుకే కష్టం. అటెన్యుయేటర్ సౌండ్ పాడుచేసిందని తిట్టేవాళ్లు చాలాసార్లు తిడుతున్నది తమ చెవినే. రెండు ఆంప్‌లను పోల్చేటప్పుడు ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా అదే బాగుందనిపిస్తుంది. మోత సమానం చెయ్యకుండా చేసే పోలికలను నేను ఇప్పుడు నమ్మను. కొన్నేళ్ల కిందట అలాంటి పోలికను నమ్మే ఒక పెడల్ (సౌండ్ మార్చడానికి కాలితో నొక్కే చిన్న పెట్టె) కొన్నాను, ఇప్పుడది అటక మీదుంది.

ట్యూబా, ట్రాన్సిస్టరా, కంప్యూటరా

ట్యూబ్ పక్షం వాదన ముఖ్యంగా చేతి గురించే: మీటే బలానికి తగ్గట్టు సౌండ్ మారడం, గట్టిగా కొట్టినప్పుడు పవర్ సప్లై క్షణం సేపు వంగి మళ్లీ లేవడం, తీగకూ స్పీకరుకూ మధ్య గాలిలో కుదిరే ఆ సంబంధం. ఇవి నిజమైన భౌతిక సంగతులే, భక్తి కాదు.

అటువైపు వాదనా బలమైనదే. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ చాలా ఏళ్లు వాయించిన ల్యాబ్ సిరీస్ ఎల్5 ఆంప్‌లో ట్యూబ్ లేదు. పాంటెరా బ్యాండ్‌కు చెందిన డైమ్‌బ్యాగ్ డారెల్ పదునైన సౌండ్ ర్యాండల్ ట్రాన్సిస్టర్ ఆంప్‌లదే. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 శుభ్రమైన సౌండ్‌కు ఇప్పటికీ కొలమానం. పేరులో ట్యూబ్ పెట్టుకున్న ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లోనూ ట్యూబ్ లేదు.

ఇక కంప్యూటర్ పక్షం. ఆంప్ లోపల జరిగేదాన్ని లెక్కలుగా మార్చి చిప్‌తో చేయించడాన్ని మోడలింగ్ అంటారు. 1998లో లైన్ 6 పాడ్, 2006లో ఫ్రాక్టల్ ఏక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్ వచ్చాయి. కెంపర్ ఎదురుగా ఉన్న ఆంప్‌నే విని దాని నకలు తీస్తుంది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లతో ఇదే పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. 2013 డిసెంబరులో మెటల్ బ్యాండ్ మెటాలికా అంటార్కిటికాలోని అర్జెంటీనా స్థావరంలో కచేరీ చేసింది. అక్కడి ప్రకృతికి మోత తగలకూడదని వేదిక మీద ఆంప్‌లు మోగించలేదు, జనం హెడ్‌ఫోన్లలో విన్నారు. గోడల్లాంటి ఆంప్ వరసలతో పేరు తెచ్చుకున్న సంగీతం అది!

రికార్డింగులో, మైక్ ద్వారా వినే కచేరీలో తేడా పట్టుకోవడం ఈరోజు చాలా కష్టం అని నా అంచనా. ఎందుకంటే శ్రోత వినేది ఎప్పుడూ మైక్ ముందున్న ఆంప్‌నే, మోడలింగ్ నకలు తీసేదీ దాన్నే. గదిలో ఆంప్ ముందు నిలబడి వాయించేవాడి అనుభవం మాత్రం వేరు, హెడ్‌ఫోన్లు తీగను కదిలించవు. అంటే తగువంతా శ్రోత కుర్చీలో కూర్చుని చూస్తున్నామా, వాయించేవాడి చోట నిలబడి చూస్తున్నామా అన్నదాని మీద నడుస్తోంది.

డల్లాస్ నుంచి సూట్‌కేసులో వచ్చిన ఆంప్

మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కిది. అమెరికాలో ఉండే బావగారో, పెద్దమ్మ కొడుకో తిరిగొస్తూ ఆంప్ తెస్తాడు. వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 300 వాట్లు అని రాసి ఉంటుంది. 100 వాట్ల ఆంప్ గోడ నుంచి 300 వాట్లు లాగడమేమిటంటే, ట్యూబ్‌లు మింగే వేడి అంతుంటుంది మరి.

దాన్ని నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే లోపల ప్రతి వోల్టేజీ 1.9 రెట్లవుతుంది. ట్యూబ్‌ను వేడిచేసే 6.3 వోల్టులు 12 అవుతాయి. పలక మీద 450 ఉండాల్సింది 860కి పోతుంది. దాన్ని నిలవ ఉంచే కెపాసిటర్లు చాలామటుకు 500 దాకానే తట్టుకుంటాయి. అదృష్టం ఉంటే ఫ్యూజు మొదట పోతుంది. కావాల్సింది 230ని 120కి దించే మామూలు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్. 300 వాట్ల ఆంప్‌కు 500 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఊపిరాడుతుంది. ప్రయాణాల్లో వాడే తేలికైన ప్లాస్టిక్ కన్వర్టర్లలో కొన్ని ఐరన్ బాక్సుల లాంటి వాటికే పనికొస్తాయి, ఆంప్‌లకు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ 60 హెర్ట్జ్‌ను మార్చదు. 60కే లెక్కగట్టి చేసిన ఆంప్ మన 50 మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది.

ఎర్తింగు సంగతి మన ఇళ్లలో తేలిగ్గా తీసుకుంటాం. గిటారు తీగలు ఆంప్ ఛాసిస్‌కు, అంటే లోపలి లోహపు చట్రానికి, కలిసి ఉంటాయి. హుమ్ తగ్గుతుందని మూడో పిన్ను పీకేస్తే, లోపల ఏదైనా లీకైనప్పుడు కరెంటుకు దొరికే దారి వాయించేవాడి చేతులే. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలవ ఉండగలదు కాబట్టి మూత విప్పడం తెలిసినవాళ్ల పని.

ట్యూబ్‌లు బల్బుల్లా అరిగిపోయేవే. పెద్దవి మార్చినప్పుడు 'బయాస్' సరిచేయాలంటారు. అంటే ఏమీ వాయించనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించడం. ఈఎల్34 తట్టుకునే వేడి 25 వాట్లు. టెక్నీషియన్లు సాధారణంగా అందులో 70 శాతం దాటనివ్వరు, అంటే 17.5. పలక మీద 450 వోల్టులుంటే 17.5ను 450తో భాగించగా దాదాపు 39 మిల్లీ ఆంపియర్లు. తక్కువైతే సౌండ్ గరుకెక్కుతుంది, ఎక్కువైతే పలక ఎర్రబడి ట్యూబ్ పోతుంది.

ఇవి దొరికేదెక్కడ? ఈరోజు గిటారు ట్యూబ్‌ల తయారీ ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల్లోనే జరుగుతోంది. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసినప్పుడు ప్రపంచమంతా గిటారు వాళ్లు టెన్షన్ పడి దొరికినవి దొరికినట్టు కొన్నారు. సరఫరా మళ్లీ మొదలైనా ధరలు పెరిగాయి. ఒకప్పుడు ఇవి మన పక్కనే తయారయ్యేవి. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1960ల నుంచి రేడియో వాల్వులు చేసేది. ఆ పెట్టెలు విప్పని పాత సరుకు ఇప్పటికీ విదేశీ ఔత్సాహికుల మధ్య చేతులు మారుతుంటుంది.

గోడ అవతల ఎంత వినపడుతుంది?

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత ఇంట్లో మోగించే పరికరం మోత ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. అంటే పగలు 60, రాత్రి 50.

10 వాట్లతో గదిలో 110 మోగుతోందనుకుందాం. రెండు వైపులా సిమెంటు పూసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మధ్య స్వరాలను సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది, అవతల 60 వినపడుతుంది. గాజు కిటికీ ఆపేది 25కు అటూ ఇటూ, దాని అవతల 85. తలుపు కింద సందుంటే ఈ లెక్కలన్నీ వృథా. మంద్ర స్వరాలను గోడ కూడా అంతగా ఆపదు, అందుకే పై ఫ్లోర్ వాళ్లకు పాట కాదు, 'దుం దుం' మాత్రమే వినపడి ఇంకా చిరాకెత్తుతుంది.

వాయించేవాడి చెవి సంగతి ఇంకా కఠినం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్కలో 85 డెసిబెల్స్ 8 గంటలు వినొచ్చు, ప్రతి 3 పెరిగితే సమయం సగమవుతుంది. 100కి 15 నిమిషాలు. 110కి ఒకటిన్నర నిమిషం, ఒక గిటారు సోలో అంత. ఆ 100 వాట్లు అడిగిన టౌన్షెండే తర్వాత కొంత వినికిడి పోగొట్టుకున్నారు, ఆ సంగతి ఆయనే బాహాటంగా చెప్పారు. సంగీతకారుల కోసం చేసే చెవి ప్లగ్గులు 15 నుంచి 25 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి, సౌండ్ రంగు పెద్దగా మారదు.

నా నాబ్ 3 దాటిన మొదటిసారి కొన్న రోజే, తెలియక. రెండోది ఒక సంక్రాంతికి, హైదరాబాదు సగం ఖాళీ అయి మా బిల్డింగులో మేమూ వాచ్‌మన్ కుటుంబమే మిగిలినప్పుడు. మధ్యాహ్నం పూట, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని 6 దాకా తిప్పాను. ఐదో తీగ మీటి వదిలేస్తే అది ఆగలేదు, స్పీకరు వైపు ఒక అడుగు వేస్తే పై స్వరానికి ఎక్కింది, వెనక్కి వేస్తే దిగింది. తమ్ముడు గేటు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. యాప్‌లో 71 చూపించింది, ఫోన్ యాప్‌లు కాస్త అటూ ఇటూ చూపిస్తాయనుకున్నా 60 కంటే చాలా పైనే. పది నిమిషాల్లో ఆపేసి లోపలికెళ్తే గూటి అంచుకు జరిగిన గ్లాసులను అమ్మ మళ్లీ వెనక్కి సర్దుతోంది.